శస్త్రాంతరకల్పం: ఏడు రోజుల యుద్ధకాలం

బౌద్ధ వాఙ్మయంలో యుద్ధకాలాన్ని సూచించడానికి ప్రత్యేకంగా ఏర్పడిన మాట ఒకటుంది. పాళీలో అది ‘సత్థంతరకప్ప’, సంస్కృతంలో ‘శస్త్రాంతరకల్పం’. పాళీ ‘కప్ప’ తెలుగు పాఠకుడికి చెరువుగట్టు ప్రాణిని గుర్తుకు తెస్తుంది కనుక ఇక్కడ సంస్కృత రూపాన్నే వాడుకోవడం సుఖం. శస్త్రమంటే చేత పట్టి నరికే ఆయుధం, అంతరమంటే నడుమ, కల్పమంటే లోకం ఏర్పడి, కొంతకాలం నిలిచి, లయమై, మళ్లీ ఏర్పడే వరకు పట్టే మహాకాలం. మూడూ కలిస్తే ఆయుధం వల్ల నడుమ వచ్చిపడే కల్పమని అర్థం వస్తుంది. తీరా చూస్తే ఆ మాట సూచించే వ్యవధి ఏడు రోజులు మాత్రమే. కోట్ల ఏళ్లను కొలిచే మాటను వారం రోజుల మారణకాండకు ఎందుకు తగిలించారన్నది భాషాశాస్త్రంతో తేలిపోయే సంగతి కాదు. యుద్ధాన్ని కాలం తెచ్చిపెడుతుందా, మనుషులే తెచ్చుకుంటారా అన్న పాత ప్రశ్న దాని వెనుక ఉంది.

ఈ మాటకు ప్రధానమైన ఆకరం దీఘనికాయమనే పాళీ ఉపదేశ సంకలనంలోని 26వ సుత్తం, చక్కవత్తి సీహనాద సుత్తం. మగధలోని మాతులా అనే చోట బుద్ధుడు భిక్షువులకు చెప్పినట్లుగా సాగే ఈ కథనంలో దళ్హనేమి అనే చక్రవర్తి ఉంటాడు. చక్రవర్తి అన్న మాటకు ఇక్కడ పెద్ద రాజు అన్న సామాన్యార్థం చాలదు. ధర్మబలంతో ఆకాశంలో నిలిచే చక్రరత్నం ఎవరి ముందు నడుస్తుందో, ఎవరు దండాన్నీ శస్త్రాన్నీ వాడకుండా భూమిని పాలిస్తారో ఆయనే చక్రవర్తి. చక్రం తన స్థానం నుంచి జారిందని తెలిసిన రోజున ఆయన రాజ్యాన్ని కొడుక్కు అప్పగించి, జుట్టూ గడ్డమూ తీయించుకుని, కాషాయం కట్టి వెళ్లిపోతాడు. చక్రం తండ్రి సొత్తు కాదు కనుక, రాజర్షి అయిన ఆ తండ్రినే అడిగి, చక్రవర్తి ధర్మాలేవో తెలుసుకుని పాటించి, కొడుకు దాన్ని మళ్లీ సంపాదించుకోవాలి. ఏడుగురు చక్రవర్తుల దాకా ఈ క్రమం తప్పలేదు. ఆ తరువాత వచ్చిన రాజు అడగడం మానేసి తన బుద్ధికి తోచినట్లు పాలించాడు. రాజ్యం పూర్వపు కళ తప్పడం చూసి మంత్రులు హెచ్చరించగా వారినే అడిగి, చెప్పినదాంట్లో సగం చేశాడు: ప్రజలకు రక్షణ కల్పించాడు గాని ధనం లేనివారికి ధనం ఇవ్వలేదు. పోలీసు పని చేసి పంపకం పని వదిలేసిన ఈ ఒక్క లోపం నుంచే సుత్తం యుద్ధకాలం దాకా కార్యకారణాల గొలుసును అల్లుకుపోతుంది.

గొలుసులోని మొదటి కొలికి దారిద్ర్యం, రెండోది దొంగతనం. పట్టుబడిన మొదటి దొంగ బతుకు గడవక చేశానంటే రాజు జాలిపడి ధనమిచ్చి పంపాడు, రెండోవాడికీ ఇచ్చాడు, దొంగతనం చేస్తే రాజుగారు డబ్బిస్తారన్న వార్త పాకి దొంగలు పెరిగారు. ముందుగా అందరికీ చేయవలసిన సాయాన్ని నేరం జరిగాక నేరస్థుడికి మాత్రమే చేస్తే ఏమవుతుందో సుత్తకారుడు చిన్న హాస్యరేఖతో చూపాడు. విసిగిన రాజు పంథా మార్చాడు. తరువాత దొరికినవాడి చేతులు గట్టి తాడుతో వెనక్కి విరిచి కట్టించి, తల గొరిగించి, కర్కశంగా మోగే డప్పుతో వీధివీధీ తిప్పించి, దక్షిణ ద్వారం వెలుపల తల తీయించాడు. అది చూసిన జనం బుద్ధి తెచ్చుకోవడానికి బదులు, తామూ పదునైన కత్తులు చేయించుకుని, దోచుకున్నవాళ్ల తలలు తీసేస్తే సాక్ష్యం మిగలదని తీర్మానించుకున్నారు. ఊళ్ల మీద పడటం, దారికాచి దోచడం మొదలైంది. కత్తిని ప్రజలకు పరిచయం చేసినవాడు రాజేనన్న సంగతిని వ్యాఖ్యానాలు పెద్దగా పట్టించుకున్నట్లు కనిపించదు గాని, ఈ కథలో అంతకన్నా పదునైన విషయం మరొకటి లేదు. శిక్ష కోసం పదునెక్కిన ఆయుధమే హత్యకు నమూనా అయింది.

కృష్ణాలోయలోని జగ్గయ్యపేట స్తూపం నుంచి దొరికి, ఇప్పుడు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉన్న శిల్పఫలకం ఒకటి తెలుగునేల మీద చక్రవర్తి భావన ఎంత పాతదో చెబుతుంది. సాధారణంగా క్రీస్తుపూర్వం మొదటి శతాబ్దానికి చెందినదిగా ఎంచే ఆ ఫలకంలో నిలువెత్తు రాజు చేయి పైకెత్తి ఉంటాడు. చుట్టూ చక్రం, ఏనుగు, గుర్రం, మణి, రాణి, గృహపతి, పరిణాయకుడు అనే ఏడు రత్నాలు. పైన మబ్బుల్లోంచి చదరపు నాణేలు వానలా రాలుతుంటాయి. ఆ రాజును మాంధాతగా గుర్తించారు. ఎంత కురిసినా తృప్తి కలగక స్వర్గం దాకా ఆశపడి పతనమైనవాడు మాంధాత అని బౌద్ధ కథలు చెబుతాయి కనుక ఈ ఫలకంలో పొగడ్తతో పాటు మందలింపు కూడా ఉండవచ్చు. ఏమైనా, చక్రవర్తిని చూపదలచిన శిల్పి ఆయన చేతికి కత్తి ఇవ్వకుండా ఆకాశం నుంచి డబ్బు రాల్చడం సుత్తంలోని తర్కానికి దగ్గరగానే ఉంది.

సుత్తంలోని గొలుసుకు తిరిగి వస్తే, కత్తి తరువాత అబద్ధం వచ్చింది. దొంగిలించావా అని అడిగితే లేదనడం ప్రాణాలు కాపాడుకునే ఉపాయమైంది. అక్కడి నుంచి చాడీలు, వ్యభిచారం, పరుషవాక్యం, వ్యర్థప్రలాపం, లోభం, ద్వేషం, మిథ్యాదృష్టి ఒక్కొక్కటే చేరుతూ, 80,000 ఏళ్ల మనిషి ఆయుర్దాయం తరతరానికీ తరుగుతూ వచ్చి చివరికి పదేళ్ల దగ్గర నిలుస్తుంది. ఆ కాలంలో అయిదేళ్ల పిల్లలకు పెళ్లిళ్లవుతాయి. నెయ్యి, వెన్న, నూనె, తేనె, బెల్లం, ఉప్పు రుచులు లోకంలోంచి మాయమవుతాయి. కుద్రూసకమనే ముతక ధాన్యం మృష్టాన్నంగా చెలామణీ అవుతుంది. ఆ ధాన్యం అరికెల జాతిదని ఒక అభిప్రాయం. అదే నిజమైతే, సన్నబియ్యం కన్నా ఎక్కువ ధర పెట్టి అరికెలు కొనుక్కుంటున్న ఈనాటి నగరవాసిని చూసి సుత్తకారుడు ఏమనుకునేవాడో. అసలు విషయం తిండి కాదు. కుశలం, అంటే మంచి అన్న మాటే అప్పుడు వినబడదని, తల్లి, పినతల్లి, గురుపత్ని అన్న వావి తెలియక మనుషులు మేకల్లా కోళ్లలా కుక్కల్లా కలగాపులగమైపోతారని, తల్లికి బిడ్డ మీదా అన్నకు తమ్ముడి మీదా వేటగాడికి జింక మీద ఉండేటంతటి క్రౌర్యం పుడుతుందని సుత్తం చెబుతుంది.

ఆ స్థితిలో వచ్చే ఏడు రోజులే శస్త్రాంతరకల్పం. దాని లక్షణాన్ని చెప్పడానికి వాడిన పారిభాషిక పదం ‘మిగసఞ్ఞా’, సంస్కృతంలో మృగసంజ్ఞ. సంజ్ఞ అంటే బౌద్ధ మనస్తత్వశాస్త్రంలో ఒక వస్తువును ఫలానా అని గుర్తుపట్టే చిత్తవ్యాపారం. వ్యక్తి అనుకునే దాన్ని విడదీస్తే మిగిలే రూప, వేదనా, సంజ్ఞా, సంస్కార, విజ్ఞానాలనే అయిదు స్కంధాలలో అది మూడోది. ఆ ఏడు రోజులూ మనిషికి ఎదుటి మనిషి మృగంగా కనిపిస్తాడు. చేతుల్లో పదునైన కత్తులు వాటంతట అవే ప్రత్యక్షమవుతాయి. మెకం, మెకం అనుకుంటూ ఒకరినొకరు నరుక్కుంటారు. యుద్ధానికి ఇంతకన్నా కట్టెవిరిచినట్లు చెప్పిన నిర్వచనం భారతీయ సాహిత్యంలో అరుదు. ఇందులో సేనలు లేవు, సరిహద్దు లేదు, న్యాయాన్యాయాల వాదన లేదు, గెలుపు ఊసే లేదు. కత్తులు చేయించుకోవలసిన అవసరం కూడా లేకుండా పోయింది. కథ మొదట్లో కమ్మరి దగ్గర తయారైన ఆయుధం చివరికి చూపులోంచే పుడుతోంది. గుర్తించే తీరు చెడితే ఆయుధం వెతుక్కోనక్కరలేదని ఈ అద్భుతం తాత్పర్యం.

తెలుగువారి వాడుకతో పోల్చితే ఈ మాట ప్రత్యేకత మరింత తెలుస్తుంది. తెలుగులో యుద్ధాలకు స్థలాల పేర్లుంటాయి: పల్నాటి యుద్ధం, 1757 నాటి బొబ్బిలి యుద్ధం. వాటి వెంట వీరుల పేర్లు, వీరగాథలు, వీరపూజలు వస్తాయి; కారెంపూడిలో పల్నాటి వీరులకు నేటికీ ఉత్సవాలు జరుగుతాయి. కాలం పేరు అంటగట్టుకున్నవి కరువులు. ధాత నామ సంవత్సరంలో, అంటే 1876లో మొదలైన ఘోరక్షామం ధాత కరువుగా రాయలసీమ జ్ఞాపకంలో నిలిచిపోయింది. కరువు అందరిదీ కాబట్టి ఏడాది పేరుతో, యుద్ధం కొందరిది కాబట్టి వీరుల పేరుతో చెప్పుకోవడం జనం భాషలోని సహజ న్యాయం కావచ్చు. శస్త్రాంతరకల్పం అన్న మాట యుద్ధాన్ని వీరుల చేతుల్లోంచి లాగి కరువు పక్కన కూర్చోబెడుతుంది. ఆ ఏడు రోజుల్లో పాడుకోదగిన పేరు ఒక్కటీ మిగలదు.

కరువు పక్కన కూర్చోబెట్టడం అన్నది అలంకారం కాదు, శాస్త్రమే అలా వర్గీకరించింది. అయిదో శతాబ్దంలో సింహళంలో పాళీ అట్ఠకథలను, అంటే వ్యాఖ్యలను కూర్చిన బుద్ధఘోషుడు ఈ మాటను వివరిస్తూ, లోకం లయమయ్యే సంవర్తకల్పం ఇంకా రాకముందే నడుమనే జరిగే లోకవినాశం కనుక దీనికి అంతరకల్పమని పేరు వచ్చిందన్నాడు. అవి మూడు రకాలు: దుర్భిక్షాంతరకల్పం, రోగాంతరకల్పం, శస్త్రాంతరకల్పం. ప్రజల్లో లోభం మితిమీరితే కరువు, మోహం, అంటే అజ్ఞానం మితిమీరితే రోగం, ద్వేషం మితిమీరితే ఆయుధం. ‘నడుమ’ అన్న మాటకు బుద్ధఘోషుడు ఇచ్చిన ఈ వివరణ విలువైనది. లోకం ఎప్పుడో ఒకప్పుడు అంతరించేదే, దానికి ఒక గడువుంది. యుద్ధం ఆ గడువు కన్నా ముందే ముంచుకొచ్చేది. అకాలమరణం వ్యక్తికి ఎలాంటిదో, శస్త్రాంతరకల్పం లోకానికి అలాంటిది.

ఇంకా ఆసక్తికరమైనది ఆ మూడింటిలో చచ్చిపోయినవారి గతిని గురించి ఆయన చెప్పిన మాట. కరువుతో పోయినవారిలో ఎక్కువమంది తిండి మీది మమకారం తీరక ప్రేతలోకంలో పుడతారు. ఆయుధాలతో పోయినవారిలో ఎక్కువమంది పరస్పర విద్వేషం బలంగా ఉండటం వల్ల నరకానికి పోతారు. రోగంతో పోయినవారు మాత్రం చాలావరకు స్వర్గానికి వెళతారు. ఇలాంటి జబ్బు ఇంకెవరికీ రాకూడదన్న మైత్రీచిత్తం వారిలో పుట్టడమే దానికి కారణం. దీఘనికాయానికి సమాంతరంగా, చైనాలో 413వ సంవత్సరంలో అనువాదమైన దీర్ఘాగమంలోనూ ఇదే ధోరణి ఉంది. రోగకాలంలో జనం ఒంట్లో ఎలా ఉంది, నెమ్మదించిందా అని ఒకరినొకరు పలకరించుకున్నందుకే వారికి ఉత్తమగతి కలిగిందని ఆ పాఠం చెబుతుంది. కరువులో చచ్చినవాడిని ప్రేతలోకానికి పంపడం కఠినమనిపించక మానదు; ఆకలిగొన్నవాడికి తిండి మీద ధ్యాస ఉండటం పాపమెలా అవుతుందని అడగవచ్చు. చివరి క్షణపు చిత్తస్థితిని బట్టి పునర్జన్మ అనే సిద్ధాంతాన్ని అక్షరాలా వర్తింపజేయడంతో వచ్చిన చిక్కు అది. ఆ చిక్కును పక్కన పెడితే, మూడు ఆపదలను తూచడానికి వాడిన తూనికరాయి మాత్రం గమనించదగింది. ఎంతమంది చచ్చారన్న లెక్క వ్యాఖ్యాత వేయలేదు; ఆపద మనుషుల మధ్య ఏ సంబంధాన్ని మిగిల్చిందని చూశాడు. ఏడేళ్లు సాగే కరువు కన్నా, నెలల తరబడి సాగే రోగం కన్నా, ఏడు రోజుల్లో ముగిసే యుద్ధం హీనమైనదని తేలడం ఆ తూకం వల్లనే.

ఆ వ్యవధుల లెక్క వసుబంధుడనే బౌద్ధాచార్యుడి అభిధర్మకోశంలోనిది. సర్వాస్తివాదమనే బౌద్ధశాఖ సంప్రదాయాన్ని క్రోడీకరించిన ఆ గ్రంథంలో లోకం నిలిచి ఉండే కాలాన్ని 20 అంతరకల్పాలుగా విభజించారు. మొదటిదానిలో ఆయుర్దాయం తరగడమే, చివరిదానిలో పెరగడమే, నడిమి 18లో తరగడమూ పెరగడమూ ఉంటాయి. ఆయువు పదేళ్లకు పడినప్పుడల్లా శస్త్రం ఏడు రోజులు, రోగం ఏడు నెలల ఏడు రోజులు, దుర్భిక్షం ఏడేళ్ల ఏడు నెలల ఏడు రోజులు పీడిస్తాయి. ఇక్కడ అంతరకల్పం అన్న మాట అర్థం కొంత జరిగింది. గడువుకు ముందే వచ్చే వినాశమన్న అర్థం వెనక్కి పోయి, పంచాంగంలోని ఒక గడి అన్న అర్థం ముందుకు వచ్చింది. సుత్తంలో ఒక రాజు ఒక పని చేయకపోవడంతో మొదలైన పతనం కోశంలో ఆటుపోట్ల లాంటి నియతగతిగా మారిపోయింది. లెక్క కుదిరిన కొద్దీ బాధ్యత జారిపోతుంది. దానమివ్వని రాజు వసుబంధుడి పట్టికలో ఎక్కడా కనిపించడు. శాస్త్రకారుడి తెలివికి అడ్డు చెప్పలేం గాని, ఈ ఒక్క విషయంలో కథకుడే మంచి తత్త్వవేత్త అనిపిస్తాడు.

ఈ వర్ణనలు చదివిన తెలుగువారికి కలియుగం గుర్తుకు రావడం సహజం. విష్ణుపురాణంలోని కలివర్ణనలోనూ పసిప్రాయంలోనే సంతానం, కుంచించుకుపోయిన ఆయువు కనిపిస్తాయి. వెలిగందల నారయ తెనిగించిన భాగవత ద్వాదశస్కంధం ద్వారా కల్కి కథ తెలుగు ఇళ్లకు చేరింది. వీరబ్రహ్మంగారి కాలజ్ఞానాన్ని ప్రతి ఉపద్రవానికీ అన్వయించుకోవడం ఇక్కడి జనానికి అలవాటు. రెండు సంప్రదాయాలూ ఒకే పాత ముడిసరుకును వాడుకుని ఉండవచ్చు, ముగింపులో మాత్రం అవి విడిపోతాయి. పురాణంలో కలి అంతమయ్యేది కల్కి ఖడ్గంతో. దుష్టులను సంహరించేవాడు దేవుడు కాబట్టి ఆ చివరి కత్తి పవిత్రం. సుత్తంలో పవిత్రమైన కత్తి లేదు. ఏడు రోజులు గడవాలంటే చేయగలిగిందల్లా కత్తికి దూరంగా ఉండటమే.

అలా దూరంగా పోయినవారి మీదే సుత్తం ఆశ పెట్టుకుంది. మేము ఎవరినీ చంపవద్దు, మమ్మల్ని ఎవరూ చంపవద్దు అనుకున్న కొందరు గడ్డిదుబ్బుల్లోకి, అడవుల్లోకి, ఏటి లంకల్లోకి, కొండ సందుల్లోకి పోయి దుంపలూ పండ్లూ తిని ఏడు రోజులు గడుపుతారు. బయటికి వచ్చాక ఒకరినొకరు కౌగలించుకుని, బతికే ఉన్నావా అని సంబరపడతారు. మనం చెడ్డపనులకు పాల్పడటం వల్లనే ఇంతమంది బంధువులను పోగొట్టుకున్నాం, ఇకనైనా కుశలం చేద్దాం అని ఆలోచించుకుని మొదట ప్రాణహింస మానతారు. వారి పిల్లల ఆయువు ఇరవై ఏళ్లవుతుంది. అక్కడి నుంచి ఒక్కొక్క దోషాన్నీ వదులుతూ మళ్లీ 80,000 ఏళ్ల దాకా ఎక్కుతారు. కుశలమన్న మాటే లేని కాలమని చెప్పిన సుత్తం అదే మాటను ఈ శరణార్థుల నోట పలికించడంలో పైకి ఒక వైరుధ్యం ఉంది. దాన్ని లేఖకుల పొరపాటుగా కొట్టివేయడం తేలిక. మరో విధంగానూ అర్థం చేసుకోవచ్చు: మాట లేకపోయినా, చంపకూడదనీ చావకూడదనీ కలిగిన ఆ రెండు కోరికలను ఒకే ఊపిరిలో అనుకోగలగడమే కుశలం, తన ప్రాణం మీది తీపిని ఎదుటివాడి ప్రాణానికీ వర్తింపజేసినప్పుడు మృగసంజ్ఞ తొలగిపోయినట్లే. ప్రాణభయం నుంచి నీతి పుట్టడం కొందరికి హీనంగా తోచవచ్చు. సుత్తం దానికి సిగ్గుపడలేదు. మైత్రేయ బుద్ధుడు వచ్చేది ఇదంతా జరిగి, కేతుమతీ నగరంలో శంఖుడనే చక్రవర్తి ఏలే కాలానికి. యుద్ధాన్ని ఆపింది ఆయన కాదు. ఆయన వచ్చేసరికి ఆ పని ఎవరో అనామకులు ఎప్పుడో పూర్తి చేశారు.

తూర్పు దేశాల్లో ఈ మాట గ్రంథాలు దాటి జనం వాడుకలోకి వెళ్లింది. కల్పానికి చైనావారు ధ్వనిసామ్యంతో వాడిన ‘జ్యే’ అన్న అక్షరానికి వారి భాషలో బలవంతంగా దోచుకోవడమన్న అర్థం ముందే ఉంది. రెండూ కలిసిపోయి కాలక్రమాన అది మహావిపత్తుకు పేరైంది. ‘దావోబింగ్ జ్యే’, అంటే కత్తుల, సైనికుల కల్పం, నిజంగా జరిగే యుద్ధాలకే వర్తించే మాటగా స్థిరపడింది. శాకాహారాన్ని బోధించిన చైనా బౌద్ధులు యుద్ధాలకు మూలాన్ని కసాయిశాలలో చూపించారు. మృగాన్ని మృగంగా చూసి చంపే అలవాటే మనిషిని మృగంగా చూసే అలవాటుకు దారి తీస్తుందన్నది వారి వాదన. సుత్తంలోని మృగసంజ్ఞను వారు ఒక అడుగు వెనక్కి నడిపించారనాలి. జపాన్‌లో నిచిరెన్ అనే భిక్షువు 1260లో పాలకులకు సమర్పించిన ‘రిష్షో అంకోకు రోన్’ అనే గ్రంథంలో ధాన్యం ధరలు మండటం, యుద్ధం, అంటురోగం అనే మూడు విపత్తుల సిద్ధాంతాన్ని తన దేశానికి అన్వయించి, అంతఃకలహమూ పరదేశ దండయాత్రా తప్పవని హెచ్చరించాడు. 1274లోనూ 1281లోనూ మంగోలులు దండెత్తి రావడంతో ఆయన అనుయాయులకు అది రుజువుగా కనిపించింది. అయితే, ఇతర మతశాఖలను ఆదరించడమే విపత్తులకు కారణమన్న ఆయన నిదానం, బీదలకు ధనమివ్వకపోవడమే కారణమన్న సుత్తం నిదానంతో పోలిస్తే, యుద్ధకాలాన్ని తప్పించడం కన్నా దాన్ని పిలవడానికే ఎక్కువ పనికివచ్చేలా ఉంది.

వసుబంధుడి మీద చేసిన ఆక్షేపణకు ఆయన భాష్యంలోనే కొంత ఊరట దొరుకుతుంది. ఒక్క పగలూ రాత్రీ ప్రాణహింస మానినవాడు, సంఘానికి ఒక కరక్కాయ ఇచ్చినవాడు, ఆదరంతో ఒక ముద్ద భిక్ష పెట్టినవాడు ఈ శస్త్ర, రోగ, దుర్భిక్ష కాలాల్లో పుట్టరని అక్కడ ఉంది. ఏ చర్య ఏ ఆపదకు జవాబో విడమర్చి చెప్పనక్కరలేదు. దగ్గుకూ కడుపుబ్బరానికీ తెలుగు ఇళ్లలో ఇప్పటికీ అరగదీసే కరక్కాయ ఏ కాలానికి మందో చదువరికి తెలుసు. విశ్వగణితం నడుమ ఇంత చిన్న వస్తువును పెట్టడం ద్వారా ఆయన, కావాలని చేశాడో లేదో గాని, నియతి గోడకు ఒక కిటికీ తెరిచాడు. దాని పక్కనే మరో సంగతి కూడా చెప్పాడు. ఈ మూడు విపత్తులూ వచ్చేది మనముండే జంబూద్వీపానికి మాత్రమే. ఉత్తరకురువులకు వాటి సోకే ఉండదు. పూర్వవిదేహం, అవరగోదానీయం అనే తక్కిన రెండు ద్వీపాల్లో ఆయుధం లేవదు, రోగం ప్రబలదు, కరువు రాదు గాని, అదే సమయానికి అక్కడి జనంలో ద్వేషం పెచ్చుపెరుగుతుంది, దేహాలు వన్నె తగ్గి నీరసిస్తాయి, ఆకలిదప్పులు ఎక్కువవుతాయి. కత్తి మాత్రం చేతికి రాని ఆ ద్వేషకాలానికి అభిధర్మం అంతరకల్పమన్న పేరు పెట్టలేదు, వేరే పేరూ పెట్టలేదు.